కొత్త కోరల్స్ నేరుగా ట్యాంకులో పెట్టాను, పురుగు పట్టింది. ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నాన్నగారితో కలిసి ఎరువులు, పురుగు మందుల దుకాణం చూసుకుంటాను. రెండేళ్ళుగా ఇంట్లో మూడడుగుల సముద్రపు నీటి ట్యాంకు నడుపుతున్నాను. రెండు క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, కొన్ని మష్రూమ్ కోరల్స్, ఒక లెదర్ కోరల్, బాగా పెరిగిన ఒక జోవా (చిన్న పువ్వుల్లాంటి మెత్తటి కోరల్) గుంపు ఉన్నాయి. గత నెల చెన్నై నుంచి నాలుగు జోవా ముక్కలు తెప్పించి, కవరును కాసేపు ట్యాంకులో తేలేసి, నేరుగా లోపల పెట్టేశాను. మూడు వారాలకు పాత గుంపులో ఒక పక్క పాలిప్స్, అంటే ఆ పువ్వులు, మూసుకుపోయాయి, కొన్ని కనిపించకుండా పోయాయి. రాత్రి టార్చి వేసి చూస్తే ఒంటినిండా కుచ్చులున్న చిన్న పురుగు కనిపించింది. విదేశీ వీడియోల్లో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగు మందు కలిపిన నీళ్ళలో ముంచమంటున్నారు. అది మా షాపులోనే ఉంది, వాడొచ్చా? చేపలకు క్వారంటైన్ అంటే అర్థమవుతుంది, కోరల్స్‌కి కూడా కావాలా? జోవాల్లో విషం ఉంటుందని విన్నప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్, ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది. ఇంకో మాట, అదే అమ్మకందారు ఇప్పుడు అక్రోపోరా (కొమ్మలుండే గట్టి పగడం) కూడా ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

సమాధానం: ముందు మీ షాపులోని సీసా సంగతి తేల్చేద్దాం. వాడకండి. ఆ వీడియోల్లో చూపించేది అమెరికాలో పెరటి మొక్కల కోసం బేయర్ పేరుతో అమ్మిన మందు. అందులో ఇమిడాక్లోప్రిడ్ 0.72 శాతం, బీటా సైఫ్లుత్రిన్ 0.36 శాతం ఉంటాయి. మీరు రైతులకు ఇచ్చే ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్., అంటే 17.8 శాతం ద్రవం, దాదాపు పాతిక రెట్లు చిక్కన, పైగా రెండో మందు అందులో లేనే లేదు. వాళ్ళు చెప్పే మిల్లీలీటర్ల లెక్క దీనికి అతకదు. రోజూ లెక్కలు కట్టి మందులిచ్చేవారు కాబట్టి, పలుచన చేసి వాడుకుంటానని మీకు అనిపించవచ్చు. కానీ సీసాలో అసలు మందుతో పాటు దాన్ని కరిగించడానికి, ఆకు మీద నిలబెట్టడానికి కలిపే పదార్థాలు కూడా ఉంటాయి. అవి కోరల్‌ను ఏం చేస్తాయో ఏ లేబుల్ మీదా ఉండదు. అన్నిటికన్నా నాకు మీ రొయ్య గురించే ఎక్కువ భయం. ఇమిడాక్లోప్రిడ్ పనిచేసేది పురుగుల నరాల మీద. రొయ్యలు, పీతలు వాటికి దగ్గరి జాతులే. ముంచి తీసిన కోరల్‌ను సరిగా కడగకపోతే దాంతో పాటు ట్యాంకులోకి వెళ్ళిన కొద్దిపాటి మందు చాలు. మిగిలిన నీళ్ళు మోరీలో పారబోస్తే అవి చేరేది చెరువుకో, సాగర్ ఎడమ కాలువ కింది పిల్లకాలువకో. వరిలో దోమపోటుకు, పత్తిలో రసం పీల్చే పురుగులకు ఆ మందు వాడుకుంటారు, అది వేరే సంగతి. నాలుగు జోవా ముక్కల కోసం దాని మూత తీయనక్కర్లేదు.

మీరు చూసింది జోవాలను తినే నుడిబ్రాంక్. మీ వర్ణన చదివితే నాకు పెద్దగా అనుమానం లేదు. గవ్వ లేని సముద్రపు నత్త అది, సాధారణంగా సెంటీమీటరుకు లోపే ఉంటుంది. ఈసారి భూతద్దం పెట్టి చూడండి. వీపు మీద వరుసలుగా సన్నటి కుచ్చులు, ముందు రెండు జతల మీసాలు కనిపిస్తాయి. ఆ కుచ్చుల రంగు గమనించండి, అది తిన్న జోవా రంగే ఉంటుంది. జోవా ఒంట్లో ఉండే పాచి కణాలు, రంగులు దాని కుచ్చుల్లోకి చేరతాయి. అందుకే పచ్చ జోవాల మధ్య పచ్చగా, గోధుమరంగు జోవాల మధ్య గోధుమరంగులో కలిసిపోతుంది. పగటిపూట జోవా కాడల మధ్య ముడుచుకుని కూర్చుంటే, విచ్చుకున్న జోవా అంచుకూ దానికీ తేడా తెలియదు. మూడు వారాలు మీ కంట పడకపోవడంలో మీ అజాగ్రత్త ఏమీ లేదు.

దాని గుడ్లు కూడా వెతకండి. జోవా కాడల పక్కనో, ముక్కను అతికించిన సిమెంటు ప్లగ్ అడుగునో తెల్లటి సన్నని దారాన్ని చక్రంలా చుట్టి అతికించినట్టు ఉంటాయి. మీరు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు మొత్తం ఆ తెల్లటి చుట్టలోనే ఉంది.

డిప్ అనేది, అంటే కోరల్‌ను మందునీళ్ళలో కొద్ది నిమిషాలు ముంచి తీయడం, తిరిగే పురుగును వదిలిస్తుంది. గుడ్డును మాత్రం ఏ డిప్ నమ్మకంగా చంపదు. గుడ్ల చుట్టూ ఉండే జిగురు పొర మందును లోపలికి పోనివ్వదు. మీ దగ్గరికి వచ్చే రైతుకు మొదటిసారి మందు కొట్టాక మళ్ళీ కొన్ని రోజులకు రెండోసారి ఎందుకు కొట్టమంటారో, ఇక్కడా అంతే: గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చాక, అవి పెద్దవై మళ్ళీ గుడ్లు పెట్టకముందే పట్టుకోవాలి. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. ఏ డిప్ కొనాలి అని అడిగేముందు, ఆ ముక్కను ఎన్నాళ్ళు విడిగా ఉంచగలరో చూసుకోండి. మంచి డిప్ వాడి అదే రోజు ట్యాంకులో పెట్టినవాళ్ళ కన్నా, మామూలు డిప్ వాడి రెండు నెలలు విడిగా ఉంచినవాళ్ళ ట్యాంకులే శుభ్రంగా ఉంటాయి.

ఇక మీ అమ్మగారి టెన్షన్ సంగతి. ఆవిడ భయంలో న్యాయం ఉంది, దయచేసి తీసిపారేయకండి. జోవాలు, వాటి దగ్గరి చుట్టాలైన పాలిథోవాల్లో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయి పరిశోధకులు దాన్ని మొదట వేరుచేశారు. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో అది ఒకటి. ఏ జోవాలో ఎంత ఉందో రంగు చూసి చెప్పడం కుదరదు. ట్యాంకులో ఉన్నంతకాలం, ఎవరూ ముట్టుకోనంతకాలం అది ఇంట్లోవాళ్ళను ఏమీ చేయదు. ప్రమాదం మనం దాన్ని కోసినప్పుడు, గీకినప్పుడు, ముఖ్యంగా వేడి చేసినప్పుడు వస్తుంది. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంట్లో ట్యాంకు శుభ్రం చేస్తుండగా కుటుంబంతో పాటు సాయానికి వచ్చిన అత్యవసర సిబ్బంది కూడా ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. రాయికి పట్టిన జోవాలను చంపడానికి ఆ రాయిని మరిగే నీళ్ళలో వేయడం, వేడినీళ్ళు పోసి బ్రష్‌తో రుద్దడం ఎప్పుడూ చేయకూడదు. మరిగిస్తే ఆ విషం విరగదు, ఆవిరి తుంపర్లతో గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

కాబట్టి జోవా ముక్కను చేత్తో తీసే ప్రతిసారీ నైట్రైల్ గ్లవ్స్, కళ్ళద్దాలు ఉండాలి. మీ షాపులో మందు కలిపేటప్పుడు వాడమని రైతులకు చెప్పేవే ఇవి. చేతికి పుండు ఉంటే ఆ రోజు పని మానుకోండి. ప్లగ్ నుంచి విడదీసేటప్పుడు జోవాలు నీళ్ళు చిమ్ముతాయి, ముఖం దూరంగా పెట్టండి. పని వంటింట్లో వద్దు, వంటింటి గిన్నెలు అసలే వద్దు. పాప నిద్రపోయాక చేసుకోండి. వాడిన బ్లేడు, పట్టకారు, గిన్నెలు ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి అరగంట నానబెట్టి కడగండి. ఆ పని తర్వాత నోట్లో చేదుగా, లోహం రుచిగా అనిపించినా, ఒళ్ళు నొప్పులు, చలిజ్వరం, ఊపిరాడకపోవడం వచ్చినా రేపు చూద్దాం అనుకోకుండా ఆస్పత్రికి వెళ్ళి, పాలిటాక్సిన్ అనే పేరు కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి. చాలామంది డాక్టర్లకు ఇలాంటి కేసు తగిలి ఉండదు.

ఇప్పుడు అసలు పని. మీ ట్యాంకులో ఏ మందూ పోయకండి, అక్కడ రొయ్య ఉంది, రాళ్ళలో నీటిని శుభ్రంగా ఉంచే బ్యాక్టీరియా ఉంది. ఈ నుడిబ్రాంక్ తినేది జోవాలను, పాలిథోవాలను మాత్రమే. మష్రూమ్‌ల జోలికి, లెదర్ జోలికి పోదు. దాన్ని వదిలించే దారి కూడా అదే. ట్యాంకులోంచి జోవాలన్నీ, కొత్తవీ పాతవీ, బయటికి తీసేస్తే ట్యాంకులో మిగిలిన పిల్లలకు తిండి ఉండదు. పాత గుంపు విడి రాయి మీద ఉంటే రాయితో సహా తీయండి. పెద్ద రాళ్ళకు పాకిపోయి ఉంటే మాత్రం కొంచెం ఓపిక కావాలి. లైటు ఆరిన గంట, రెండు గంటల తర్వాత టార్చి వేసి, సన్నటి గొట్టంతో కనిపించినవాటిని నీళ్ళతో సహా బక్కెట్లోకి లాగేయండి. గుడ్ల చుట్ట కనిపిస్తే బ్లేడు అంచుతో గీకి, ఆ ముక్కలు నీళ్ళలో తేలిపోకుండా అదే గొట్టంతో లాగాలి. కొన్ని రాస్ చేపలు, సిక్స్‌లైన్ లాంటివి, వీటిని తింటాయని కొనిపించేవాళ్ళుంటారు. అవి కొన్నిటిని తింటాయి, గుడ్లను వదిలేస్తాయి. పైగా సిక్స్‌లైన్ పెద్దయ్యాక గొడవల చేప, మూడడుగుల ట్యాంకులో క్లౌన్‌ల మీద పడుతుంది. పురుగు కోసం చేపను తేవడం నాకు నచ్చదు.

తీసిన జోవాలకు క్వారంటైన్ తొట్టె కావాలి. దీనికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గాజు తొట్టె సుమారు 56 లీటర్లు. కొంచెం వెలితిగా నింపితే 45, 50 లీటర్ల నీళ్ళు పడతాయి. ఇసుక వేయకండి, రాళ్ళు పేర్చకండి. అడుగు గాజు ఖాళీగా ఉంటేనే రాలిన పురుగు కనిపిస్తుంది. ఒక స్పాంజి ఫిల్టరు, ఒక చిన్న పవర్‌హెడ్ (నీళ్ళు తిప్పే పంపు), మామూలు రీఫ్ ఎల్ఈడీ లైటు, ముక్కలు నిలబెట్టడానికి గళ్ళ ప్లాస్టిక్ షీటు. స్పాంజిని ముందే మీ ట్యాంకులో కొన్ని వారాలు ఉంచితే బ్యాక్టీరియా పడుతుంది. ఇప్పుడు అంత సమయం లేదు కాబట్టి మొదటి రెండు వారాలు అమ్మోనియా పరీక్షించుకుంటూ కొద్దికొద్దిగా నీళ్ళు మార్చండి. ఒక షరతు: ఆ తొట్టెలో గతంలో చేపలకు కాపర్ మందు వాడి ఉండకూడదు. కాపర్ సిలికాన్ అతుకుల్లోనూ, సున్నపురాయిలోనూ మిగిలిపోయి కోరల్స్‌ను, రొయ్యలను చంపుతుంది. చేపల జబ్బుకు వాడిన పాత తొట్టె అటక మీద ఉందని దాన్ని దింపకండి.

నీళ్ళ విషయంలో మన నల్గొండ జిల్లావాళ్ళకు ఒక ప్రత్యేకమైన అనుమానం ఉంటుంది, ఫ్లోరైడ్. చాలామంది నన్ను అడిగేదీ అదే. సముద్రపు నీటిలో సహజంగానే లీటరుకు దాదాపు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. తాగునీటికి మన దేశంలో అనుమతించిన గరిష్ఠ హద్దు 1.5. అంటే మనుషుల ఎముకలను వంచిన ఫ్లోరైడ్ కోరల్స్‌కు అసలు సమస్య కాదు. బోరు నీళ్ళలో కోరల్స్‌ను దెబ్బతీసేవి నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్, లెక్కకు మించిన కాఠిన్యం. ఇంట్లో తాగే ఆర్వో మెషీన్‌లో రుచి కోసం కొంత పచ్చి నీరు కలిపే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) అడ్జస్టర్ ఉంటుంది, దాన్ని పూర్తిగా కట్టేసి, చివర మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి కలుపుకోండి. ఉప్పు కలిపే ముందు టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. వాటర్ ప్లాంటు క్యాన్ కొంటే కూడా మీటరు పెట్టి చూడకుండా వాడొద్దు, ప్లాంటుకూ ప్లాంటుకూ చాలా తేడా ఉంటుంది.

చిన్న తొట్టెకు మన ఎండలే పెద్ద పరీక్ష. నీటి వేడి 25, 26 డిగ్రీల దగ్గర, సాంద్రత 1.025 దగ్గర నిలవాలి. మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, పొడి గాలి కాబట్టి మన దగ్గర ఇది బాగానే పనిచేస్తుంది. కానీ ఆ ఫ్యాను నీళ్ళను ఆవిరి చేసే చల్లబరుస్తుంది. నీరు పోతుంది, ఉప్పు అక్కడే ఉంటుంది. మూడడుగుల ట్యాంకులో ఒక రోజు మర్చిపోయినా సర్దుకుంటుంది, 45 లీటర్ల తొట్టెలో ఒక్క రోజులోనే ఉప్పు పెరిగి జోవాలు ముడుచుకుంటాయి. అప్పుడు అది పురుగు వల్లో ఉప్పు వల్లో తెలియక తికమక పడతారు. గాజు మీద మార్కరుతో నీటి మట్టం గీత గీసి, పొద్దునా సాయంత్రం ఆర్వో నీళ్ళతో ఆ గీతకు నింపండి. ఆ నీళ్ళలో ఉప్పు కలపకూడదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అయితే చిన్న హీటరు తప్పదు. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పక్కన ఉంచుకోండి.

ఈ తొట్టెలో వాడే వల, పట్టకారు, గొట్టం, గుడ్డ అన్నీ విడిగా ఉండాలి. పెద్ద ట్యాంకు నీళ్ళు ఇందులో పోయవచ్చు, ఇందులోవి అటు ఎప్పుడూ వెళ్ళకూడదు. ముందు పెద్ద ట్యాంకు పని, తర్వాత దీని పని, ఆ వరస తప్పకండి.

డిప్ చేసే విధానం చెబుతాను. మొదట ముక్కను దాని ప్లగ్ నుంచి విడదీయండి. నా దృష్టిలో ఇది డిప్ కన్నా ముఖ్యమైన పని. గుడ్లు, ఐప్టేసియా అనే కలుపు ఆనెమోన్, బుడగ పాచి, గొట్టపు నత్తలు, దాదాపు అన్నీ దాక్కునేది ఆ సిమెంటు ప్లగ్ అడుగునే. జోవా కింది తోలు లాంటి పొరను బ్లేడుతో మెల్లగా లేపితే చాపలా వచ్చేస్తుంది. పాత ప్లగ్ చెత్తలోకి. కొత్త ప్లగ్‌కు సూపర్ గ్లూ జెల్‌తో అతికించుకోవచ్చు, అందులోని సయనోఅక్రిలేట్ కోరల్స్‌కు హాని చేయదు.

తర్వాత మూడు తెల్లటి ప్లాస్టిక్ గిన్నెలు. ఒకదానిలో డిప్, రెండిటిలో కడగడానికి ఉప్పునీళ్ళు. తెల్లవే ఎందుకంటే రాలినవి అడుగున కనిపించాలి. కోరల్స్ కోసమే అమ్మే డిప్ ఏదైనా, కోరల్ ఆర్ఎక్స్ లాంటిది, లేబుల్ మీద ఉన్న మోతాదులో, లేబుల్ మీద ఉన్న నిమిషాలే వాడండి. అయోడిన్ డిప్‌లు కోసిన గాయాలకు, కుళ్ళుకు మంచివి, నుడిబ్రాంక్‌ల మీద మాత్రం అంత బలంగా పనిచేయవు. ముంచి ఉన్నంతసేపూ సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజితో కాడల మధ్యకు నీటిని గట్టిగా కొట్టండి. మందు వాటి పట్టును సడలిస్తుంది, రాల్చేది ఆ నీటి దెబ్బ. ముక్కను పక్కకు వంచి, తలకిందులు చేసి కొట్టండి. రెండు మూడు నిమిషాలకు గిన్నె అడుగున దుమ్ములాంటివి మెదలడం మొదలవుతుంది. వాటిలో చిన్న రొయ్యల్లాంటి కోపెపాడ్‌లు, ముళ్ళ పురుగులు కూడా ఉంటాయి, అవి హానిలేనివి. కుచ్చులున్నవి, గవ్వలున్నవి, సన్నటి పొడవు కాళ్ళతో సాలీడులా ఉన్నవి కనిపిస్తే ఫోటో తీసుకోండి. ఆ సాలీడులు కూడా జోవాల రసం పీల్చేవే. గవ్వ మీద నలుపు తెలుపు గళ్ళు చుట్టూ తిరిగి ఉంటే అది సండయల్ నత్త, జోవాలను రాత్రిపూట తింటుంది. డిప్‌కు తలుపు మూసుకుని తప్పించుకుంటుంది కాబట్టి దాన్ని చేత్తో ఏరాల్సిందే. నీళ్ళు తిరిగి ఏ తొట్టెలోనూ పోయకండి.

జోవాలకు ఒక వెసులుబాటు ఉంది, మంచినీళ్ళను కొద్దిసేపు తట్టుకుంటాయి. ఆర్వో నీటిని తొట్టె వేడికి తెచ్చి, చిటికెడు తినే సోడా కలిపి, రెండు నిమిషాలు ముంచి తీస్తే నుడిబ్రాంక్‌లు చాలావరకు వదిలేస్తాయి. మందు వచ్చేలోపు ఈ రాత్రే ఇది చేయవచ్చు. మష్రూమ్‌లకు, లెదర్‌కు మాత్రం చేయకండి, అవి తట్టుకోలేవు.

పాచి పట్టిన జోవాలకు హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడమని కూడా వీడియోల్లో చూసే ఉంటారు. వాళ్ళు వాడేది 3 శాతం సీసా, లీటరు ట్యాంకు నీటికి 100 మిల్లీలీటర్లు, ఐదు నిమిషాలు. మన మందుల షాపుల్లో మామూలుగా ఇచ్చేది 20 వాల్యూమ్, అంటే 6 శాతం. 50 మిల్లీలీటర్లే పోయాలి. సీసా మీద శాతం చదవకుండా కొలత పెట్టుకోవద్దు.

డిప్ అయ్యాక జోవాలు ఒకటి రెండు రోజులు మూసుకునే ఉంటాయి, కంగారు పడి మళ్ళీ ముంచకండి. మళ్ళీ ముంచాల్సింది వారానికి. అలా వారం వారం, పురుగు ఒక్కటి కూడా రాలని డిప్‌లు వరసగా కనీసం నాలుగు వచ్చేదాకా. మధ్యలో ఒక్కటి కనిపించినా లెక్క మళ్ళీ మొదటి నుంచి. రోజూ పొద్దున ఒక చూపు చూడండి: చుట్టూ ఉన్నవి విచ్చుకుని ఒకే చోట రెండు మూడు పాలిప్స్ మూడు రోజులుగా మూసుకుని ఉంటే అక్కడే ఏదో ఉంది. ఐప్టేసియా మొలిస్తే కోయకండి, తెగిన ప్రతి ముక్కా కొత్త మొక్క అవుతుంది. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌ను ముద్దలా కలిపి, పవర్‌హెడ్ ఆపి, సిరంజితో దాని నోటి మీద కప్పండి. ఒకసారికి ఒకటి రెండిటి కన్నా ఎక్కువ వద్దు, నీటి పీహెచ్ ఎగబాకుతుంది.

పురుగుల వరకైతే ఆరేడు వారాలు చాలు. కానీ నేను 76 రోజులు ఉంచమంటాను, అది మీ క్లౌన్ చేపల కోసం. చేపలకు తెల్ల మచ్చల జబ్బు తెచ్చే క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి జీవితంలో ఒక దశ గట్టి గుళికలా మారి రాయికో, ప్లగ్‌కో, గవ్వకో అంటుకుని ఉంటుంది. చాలావరకు గుళికలు నెలలోపే పగులుతాయి. ప్రయోగాల్లో 72 రోజుల దాకా ఆగి పగిలినవి కూడా నమోదయ్యాయి. బయటికి వచ్చిన పిల్లలకు చేప దొరకకపోతే ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతాయి. కాబట్టి చేప లేని తొట్టెలో 76 రోజులు గడిస్తే ఆ భయమూ తీరుతుంది. అమ్మకందారు కోరల్స్‌ను, చేపలను ఒకే నీటిలో ఉంచితే, కోరల్‌కు జబ్బు లేకపోయినా మన చేపలకు జబ్బు వచ్చేది ఈ దారిలోనే. మీరు ఇప్పటికే నేరుగా పెట్టారు కాబట్టి క్లౌన్‌ల రెక్కల మీద ఉప్పు రవ్వల్లాంటి చుక్కలు, గబగబా ఊపిరి తీయడం, తిండి మానడం కనిపిస్తాయేమో చూస్తూ ఉండండి. చేపలకు వైద్యం చేయాల్సి వస్తే అది ఇంకో తొట్టెలోనే, ఈ జోవాల తొట్టెలో కాదు.

పెద్ద ట్యాంకును కూడా ఆ 76 రోజులూ జోవాలు లేకుండా ఉంచండి. ఖాళీగా ఉన్న ఆ రాయి చూస్తే మనసుకు కష్టంగానే ఉంటుంది. మధ్యలో ఎవరో ఇచ్చారని ఇంకో జోవా ముక్క పెడితే మాత్రం ఆకలితో ఉన్న పిల్లలకు మనమే అన్నం పెట్టినట్టు.

అక్రోపోరా గురించి. తీసుకోకండి. గట్టి పగడాలన్నీ, అంటే రీఫ్ కట్టే స్క్లెరాక్టీనియా జాతులన్నీ, నల్ల పగడాలు, ఫైర్ కోరల్స్, సీ ఫ్యాన్‌లతో పాటు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేరాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. శిక్ష 3 ఏళ్ళ నుంచి 7 ఏళ్ళ దాకా జైలు. అమ్మినవాడిదే తప్పు, కొన్నవాడికేం అనుకోవడానికి లేదు, దగ్గర ఉంచుకోవడమూ నేరమే. ఇది పక్కన పెట్టినా నాకు బాధ కలిగించేది ఇంకొకటి. మన్నార్ సింధుశాఖలోనూ, లక్షద్వీప్‌లోనూ నీరు వేడెక్కి పగడాలు తెల్లబారి చచ్చిపోతున్న రోజులివి. అక్కడ మిగిలిన కొమ్మను విరిచి మిర్యాలగూడ తేవడంలో మనకున్న ప్రేమ ఏమీ లేదు. జోవాలు, మష్రూమ్‌లు ఆ జాబితాలో లేవు. అయినా కొనేటప్పుడు తొట్టెలో పెంచినవో, సముద్రం నుంచి తీసినవో అడగండి, బిల్లు తీసుకోండి. అక్రోపోరా ఇస్తానన్న మనిషి దగ్గర నేనైతే జోవాలు కూడా కొనను.

మళ్ళీ ఎప్పుడైనా తెప్పించుకుంటే, రాత్రి లైటు ఆర్పాక తీసిన ఫోటో ఒకటి, ప్లగ్ అడుగు భాగం ఫోటో ఒకటి ముందే పంపమని అడగండి. నిజాయితీగా పెంచేవాళ్ళు ఇబ్బంది పడరు. వీలైతే ప్లగ్ లేకుండా పంపమనండి. చెన్నై నుంచి పార్సిల్ నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టించుకోండి. ఏప్రిల్, మేలో బస్సు డిక్కీలో ఒక పగలు గడిపిన కవరులో ముక్క బతికి వచ్చినా, ఆ నీరసంలో మొదటి డిప్‌నే తట్టుకోలేదు. పార్సిల్ బుక్ చేసే ముందే క్వారంటైన్ తొట్టెలో నీళ్ళు తిరుగుతూ, సాంద్రత, వేడి కుదిరి ఉండాలి. ముక్క ఇంటికొచ్చాక ఉప్పు కలపడం మొదలుపెడితే చివరికి మనం దాన్ని పెట్టేది పెద్ద ట్యాంకులోనే.